కేర్ హోమ్‌లో మాట ఎక్కడ ఆగిపోతోంది? ఆయాలు, నర్సులు, డ్యూటీ మార్పు గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్‌లో 40 పడకల కేర్ హోమ్. ఎక్కువమంది మంచాన పడ్డ పెద్దవాళ్లు, కొందరు మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు. ఆయాలకీ నర్సులకీ పడటం లేదు. డ్యూటీ మారేటప్పుడు ముఖ్యమైన సంగతులు జారిపోతున్నాయి. వాట్సాప్ గ్రూపులో రోజంతా మెసేజీలు వస్తున్నా, కావలసింది మాత్రం వెతికినా దొరకదు. స్టాఫ్‌కి కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసులు పెట్టించాలా, లేక ఏదైనా యాప్ కొనాలా అని అడిగారు.

ఇప్పుడే రెండూ వద్దు. నేను స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి, తర్వాత ఆసుపత్రి వార్డుల్లోనూ, పెద్దవాళ్ల హోమ్‌లలోనూ ఇన్‌ఛార్జిగా చేశాను. మన హోమ్‌లలో పేషెంట్‌ని అందరికన్నా ఎక్కువసేపు చూసేది ఆయా. అందరికన్నా తక్కువ మాట్లాడేదీ ఆమే. తినిపించేది, స్నానం చేయించేది, డైపర్ మార్చేది, రాత్రి మూలిగితే ముందుగా వినేది ఆమె. నర్సు మందుల వేళకి వచ్చి నిలబడుతుంది. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి నాలుగు మాటలు అడిగి వెళ్తారు. ఆయా కళ్లతో చూసింది నర్సుకీ, నర్సు నుంచి డాక్టర్‌కీ చేరే దారి మీ హోమ్‌లో ఎక్కడ తెగుతోందో ముందు అది పట్టుకోండి.

నేను పనిచేసిన ఒక హోమ్‌లో జరిగింది చెబుతాను. షుగర్ ఉన్న ఒక పెద్దాయన. ఉదయం టిఫిన్ ముందు, రాత్రి భోజనం ముందు ఇన్సులిన్. ఆ రోజు మధ్యాహ్నం పెరుగన్నం రెండు చెంచాలు తిని వద్దన్నారు. సాయంత్రం తాగిన పాలు కక్కేశారు. ఆయా ఆ మాట డే డ్యూటీ సిస్టర్‌కి చెప్పింది కూడా. సిస్టర్ అప్పుడు పక్క బెడ్‌లో పుండుకి డ్రెస్సింగ్ చేస్తోంది. "సరే, చూస్తా" అంది. ఎక్కడా రాయలేదు. రాత్రి ఏడున్నరకి షుగర్ చూస్తే 150 దగ్గర వచ్చింది. చార్టులో ఉన్న మోతాదు ఇచ్చేసి, హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) పుస్తకంలో "ఇన్సులిన్ గివెన్, పేషెంట్ స్టేబుల్" అని రాసి వెళ్లిపోయింది. ఆ ఆయా డ్యూటీ కూడా ఎనిమిదికే అయిపోయింది. రాత్రి డ్యూటీకి వచ్చిన ఆయా ప్లేటు తెస్తే ఆయన ముద్ద ముట్టలేదు. నిద్రొస్తోందేమో అనుకుని ఆమె ప్లేటు తీసేసింది. పదకొండు దాటాక చూస్తే దిండు తడిసిపోయేంత చెమట, పిలిస్తే పలకడం లేదు. షుగర్ 46. నైట్ సిస్టర్ చురుకైన మనిషి కాబట్టి వెంటనే డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించింది. ఆయన బతికి బయటపడ్డారు.

మర్నాడు మేనేజ్‌మెంట్ అందరినీ ఆఫీసులో నిలబెట్టి "తప్పెవరిది?" అని అడిగింది. అందరూ తలొంచుకున్నారు. ఎవరికి వాళ్లు చూసుకుంటే ఎవరి పని వాళ్లు చేశారు. ఒకామె నోటితో చెప్పింది, ఒకామె చార్టు ప్రకారం ఇచ్చింది, ఇంకొకామె తినని ప్లేటు తీసింది. ఈ మూడు ముక్కల్నీ ఒకచోట కలిపే మనిషి గానీ, కాగితం గానీ ఆ హోమ్‌లో లేదు. పైగా ఆ పంచాయితీ తర్వాత ఆ ఫ్లోర్ ఆయాలు చాలా రోజులు ఏ సంగతీ పైకి చెప్పలేదు. చెబితే ఆఫీసుకి పిలుస్తారని భయం.

తర్వాత పెట్టుకున్న పద్ధతి చాలా చిన్నది. అన్నం ప్లేటు బెడ్ దగ్గరికి వచ్చాకే ఇన్సులిన్. సూది వేసేముందు సిస్టర్ ఆయాని అడిగి తీరాలి: "మధ్యాహ్నం ఎంత తిన్నారు? వాంతి, విరేచనాలు ఏమైనా ఉన్నాయా?" ఆయా జవాబు చెప్పాకే సూది. సరిగ్గా తినని రోజు డాక్టర్‌కి ఫోన్ చేసి మోతాదు అడగాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు. దీనివల్ల మేం అనుకోని లాభం ఇంకొకటి వచ్చింది. రోజుకి రెండుసార్లు సిస్టర్ తనంతట తనే వచ్చి ఆయాని అడుగుతోంది కదా, అడిగించుకున్న మనిషికి చెప్పడం అలవాటైంది. పక్క బెడ్ అమ్మమ్మ మడమ ఎర్రబడిందని కూడా ఆ మాటల్లోనే బయటికొచ్చేది.

షుగర్ పడిపోయినప్పుడు ఏం చేయాలో ఆయాలందరికీ తెలిసుండాలి. 70 కన్నా తగ్గితే తక్కువ కిందే లెక్క. తెలివిగా ఉండి మింగగలిగితే గ్లూకోజ్ గానీ పంచదార నీళ్లు గానీ వెంటనే పట్టి సిస్టర్‌ని పిలవాలి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక డ్యూటీ మార్పు. మన దగ్గర చాలా హోమ్‌లలో ఉదయం 8 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8. పోయేవాళ్లకి బస్సు టెన్షన్, వచ్చేవాళ్లకి వేలిముద్ర టెన్షన్. ఒకరు గేటు దాటుతుంటే ఇంకొకరు లోపలికొస్తారు. ఇద్దరూ కలిసి నిలబడే సమయమే మీ రోస్టర్‌లో లేకపోతే, హ్యాండోవర్ సరిగ్గా ఇవ్వడం లేదని స్టాఫ్‌ని తిట్టి లాభం లేదు. 15 నిమిషాలు రెండు షిఫ్టులూ కలిసేలా వేళలు మార్చండి. ఆ 15 నిమిషాలకీ జీతం కట్టండి. దీని మీద నేను గట్టిగానే చెబుతాను: జీతం లేని హ్యాండోవర్‌ని ఎవరూ నిలబడి ఇవ్వరు, ఇవ్వమని అడిగే హక్కు మనకీ లేదు.

హ్యాండోవర్ నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని కాకుండా బెడ్ల వెంట నడుస్తూ జరగాలి. పోయే సిస్టర్, వచ్చే సిస్టర్, వాళ్లతోపాటు పోయే ఆయా, వచ్చే ఆయా. నలుగురూ ఉండాలి. చాలాచోట్ల నర్సులు నర్సులకి ఇంగ్లిష్‌లో చెప్పుకుంటారు, ఆయాలు ఆయాలకి లిఫ్టు దగ్గర తెలుగులో చెప్పుకుంటారు. రెండు హ్యాండోవర్లూ ఎప్పుడూ కలవవు. 40 బెడ్లకీ అన్నీ చెప్పనక్కరలేదు. ఈ 12 గంటల్లో ఏం మారిందో అది చెప్పాలి. మార్పు లేనివాళ్ల దగ్గర పేరు చెప్పి, మనిషిని కళ్లతో చూసి ముందుకి నడవొచ్చు. మారిన ఐదారుగురి దగ్గర ఆగాలి. ముందు ఆయా చెప్పాలి, తర్వాత సిస్టర్ చెప్పాలి. ఈ వరస మార్చొద్దు. సిస్టర్ ముందు మాట్లాడితే, ఇంకేం చెప్పాలిలే అని ఆయా ఊరుకుంటుంది.

మీ హ్యాండోవర్ పుస్తకం తెరిచి చూడండి. "పేషెంట్ కాన్షస్, ఓరియెంటెడ్, వైటల్స్ స్టేబుల్, డైట్ టేకెన్" అని ప్రతి పేజీలోనూ అవే మాటలు ఉంటాయి. ఆ పుస్తకం ఇన్‌స్పెక్షన్‌కి పనికొస్తుందేమో గానీ రాత్రి డ్యూటీ మనిషికి పనికిరాదు. దాని బదులు ఇలా రాయించండి: "మధ్యాహ్నం అన్నం పావు ప్లేటు. నీళ్లు మూడు గ్లాసులే. ఉదయం నుంచి డైపర్ ఒక్కటే తడిసింది. రోజూ ఆయాని పేరుపెట్టి పిలిచేవారు, ఈరోజు పిలవలేదు. రాత్రి పది లోపు మళ్లీ మూత్రం చూడాలి. రాకపోతే డాక్టర్‌కి చెప్పాలి." తెలుగులో రాసినా ఫర్వాలేదు. కేరళ నుంచి వచ్చిన సిస్టర్లకి తెలుగు చదవడం రాకపోతే, బెడ్ దగ్గర చార్టులో బొమ్మలు పెట్టండి. ప్లేటు బొమ్మ నాలుగు ముక్కలుగా గీస్తే ఆయా తిన్నంత నింపుతుంది. నీళ్లకి గ్లాసుల గీతలు. అందరికీ ఒకే సైజు స్టీలు గ్లాసు పెట్టించండి, 200 మి.లీ. పట్టేది. అప్పుడు గీతలు లెక్కపెడితే ఎంత తాగారో తెలిసిపోతుంది. పక్క మార్చడానికి కూడా ఇలాగే, రెండు గంటలకోసారి కుడి, ఎడమ, వెల్లకిలా అని బాణం గుర్తులు. చదువు రాని ఆయా కూడా ఈ చార్టు నింపగలదు. ఒడిశా నుంచో, జార్ఖండ్ నుంచో వచ్చిన అమ్మాయి కూడా నింపగలదు.

పద్ధతిగా హ్యాండోవర్ ఇస్తే ఏం తేడా వస్తుందని మీ యజమాని అడగొచ్చు. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐ-పాస్ అనే పద్ధతి మీద ఒక అధ్యయనం వచ్చింది. అమెరికా, కెనడాల్లో 9 ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో రెసిడెంట్ డాక్టర్లకి ఒక వరసలో హ్యాండోవర్ ఇవ్వడం నేర్పితే, వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. అది డాక్టర్ల మీద, పిల్లల వార్డుల్లో జరిగింది. మన హోమ్‌లకి అవే అంకెలు వస్తాయని నేను చెప్పను. కానీ మందు మార్చకుండా, మిషన్ కొనకుండా, చెప్పుకునే తీరు మార్చినందుకే అంత తేడా వచ్చిందని యజమానికి చూపించండి.

డాక్టర్‌కి రాత్రిపూట చేసే ఫోన్ గురించి వేరుగా చెప్పాలి. ఎస్‌బీఏఆర్ అనే పద్ధతి పేరు వినే ఉంటారు. ముందు అమెరికా నౌకాదళంలో అణు జలాంతర్గాముల వాళ్లు వాడుకున్నారు. తర్వాత కైసర్ పర్మనెంటే అనే అమెరికా సంస్థ ఆసుపత్రుల వాళ్లు దాన్ని వైద్యానికి మలిచారు. పేరు గుర్తుపెట్టుకోనక్కరలేదు. నాలుగు ప్రశ్నలు గుర్తుంటే చాలు: ఇప్పుడేమైంది, అంతకుముందు ఎలా ఉన్నారు, ఏమై ఉంటుందని నీకనిపిస్తోంది, డాక్టర్ నుంచి ఏం కావాలి. మన సిస్టర్లు మొదటిది చెప్పి ఆగిపోతారు. "సార్, 12వ బెడ్ తాతగారు పడిపోయారండీ" అని ఊరుకుంటే, నిద్రలో ఉన్న డాక్టర్ "బీపీ చూసి పారాసిటమాల్ ఇవ్వమ్మా, పొద్దున చూస్తా" అంటారు. అదే ఫోన్ ఇలా ఉండాలి:

"సార్, నైట్ సిస్టర్‌ని. 12వ బెడ్ మాస్టారు, 81 ఏళ్లు. ఇప్పుడే బాత్రూమ్ దగ్గర పడ్డారు, తల వెనక గోడకి కొట్టుకుంది. గుండె జబ్బుకి ఎసిట్రోమ్ వాడుతున్నారు. ఇప్పుడు తెలివిగానే మాట్లాడుతున్నారు, వాంతి లేదు. బీపీ 160/90, పల్స్ 92, ఆక్సిజన్ సాచురేషన్ 96. రక్తం పలచబడే మందు ఉంది కాబట్టి లోపల రక్తస్రావం అవుతుందేమోనని భయంగా ఉంది. స్కాన్‌కి పంపిద్దామా సార్, అంబులెన్స్‌కి చెప్పనా?"

అర నిమిషం పట్టే మాటలు. ఇందులో ప్రాణం కాపాడే ముక్క ఎసిట్రోమ్ అన్న మాట. అది డాక్టర్‌కి గుర్తుండకపోవచ్చు, సిస్టర్ కళ్లముందు చార్టులో ఉంటుంది. చివర్లో ఏం కావాలో అడగడం మన నర్సులకి చాలా కష్టం. డాక్టర్‌కి సలహా చెప్పినట్టు ఉంటుందని జంకుతారు. మీ హోమ్‌కి వచ్చే డాక్టర్‌తో ముందే మాట్లాడి, "మా సిస్టర్లు ఇలా అడుగుతారు, తప్పుగా అనుకోకండి సార్" అని చెప్పి ఒప్పించండి. ఆయన స్టాఫ్ అందరి ముందూ ఒక్కసారి "అలాగే అడగండమ్మా" అంటే, పది క్లాసులు పెట్టినదానికన్నా అదే ఎక్కువ పనిచేస్తుంది.

ఫోన్‌లో చెప్పిన మందు వెంటనే రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించాలి. ఇంగ్లిష్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినబడతాయి. "ఒకటి, ఐదు, పదిహేను కదా సార్" అని అంకెలు విడదీసి అడగాలి. ఇన్సులిన్ రాసేటప్పుడు యూనిట్లకి బదులు ఇంగ్లిష్ "యూ" అక్షరం ఒక్కటే పెడితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. యూనిట్లు అని పూర్తిగా రాయించండి. ఇంకొకటి, మన దేశంలో వయల్‌లో (చిన్న గాజు సీసాలో) వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి. మి.లీ.కి 100 యూనిట్ల దానికి నారింజ రంగు మూత సిరంజి. పిల్లలు అమెరికా నుంచి వచ్చినప్పుడు తెచ్చిన సామానులో రెండోరకం దొరికితే, రెండూ ఒకే ట్రేలో కలిసిపోతాయి. ట్రేలు వేరుచేసి, హ్యాండోవర్‌లో నోటితో చెప్పించండి.

ఆయాలు ఏది గమనించి చెప్పాలో వాళ్లకి తెలియదని మీరు రాశారు. తెలుసు. అది చెప్పాల్సిన సంగతేనని మనమెవరం వాళ్లకి చెప్పలేదు. అమెరికాలో పెద్దవాళ్లని చూసుకునే నర్సింగ్ హోమ్‌లలో వాడే ఇంటరాక్ట్ అనే కార్యక్రమంలో "స్టాప్ అండ్ వాచ్" అని ఒక్క పేజీ కార్డు ఉంది, ఆయాల్లాంటి సహాయకుల కోసమే చేసింది. మామూలుగా లేరు, తక్కువ మాట్లాడుతున్నారు, తక్కువ తింటున్నారు, తక్కువ తాగుతున్నారు, మూడు రోజులుగా విరేచనం లేదు, నడవడానికి ఎక్కువ సాయం కావాల్సి వస్తోంది, చర్మం రంగు మారింది, విసుగు పెరిగింది, ఊరికే మత్తుగా ఉంటున్నారు. ఇలాంటివన్నీ ఉంటాయి. ఏ జబ్బు పేరూ అందులో లేదు. జబ్బు చెప్పడం ఆయా పని కాదు కాబట్టి ఉండకూడదు కూడా. మీరు దాన్ని మన మాటల్లోకి మార్చుకోండి: రోజూ టీ కోసం కేకలేసే ఆయన ఈరోజు అడగలేదు, టీవీ పెట్టినా అటు చూడలేదు, లేపి కూర్చోబెడితే ఒకవైపు ఒరిగిపోతున్నారు.

వీటిలో "ఊరికే మత్తుగా ఉండటం" మీద ఎక్కువ శ్రద్ధ పెట్టించండి. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు అరిస్తే, డ్రిప్ పీకేస్తే అందరూ పరిగెత్తుకొస్తారు. అదే మనిషి రెండు రోజులు నోరు మెదపకుండా పడుకుంటే ఫ్లోర్ అంతా హమ్మయ్య అనుకుంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, రక్తంలో సోడియం తగ్గడం, కొత్తగా వేసిన నిద్రమాత్ర, వీటిలో ఏదైనా పెద్దవాళ్లలో ఇలా నిశ్శబ్దంగానే బయటపడొచ్చు. జ్వరం కూడా ఉండకపోవచ్చు. "ఈరోజు గొడవ చేయలేదు" అని ఆయా సంతోషంగా చెప్పిన మాటే కొన్నిసార్లు అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక. ఆ మాట విన్న సిస్టర్ వెళ్లి పలకరించి, ఉష్ణోగ్రత, బీపీ, షుగర్, సాచురేషన్ చూడాలి.

ఆయాలకీ నర్సులకీ ఎందుకు పడదో కూడా చూడాలి. యాభై ఏళ్ల ఆయాని ఇరవై రెండేళ్ల సిస్టర్ "ఏయ్ ఆయా, ఇటు రా" అంటే, ఆమె వస్తుంది గానీ ఏమీ చెప్పదు. పేరుతోనో, అక్కా అనో, అమ్మా అనో పిలవడం రూలుగా పెట్టండి. పేషెంట్ల ముందూ, వాళ్ల బంధువుల ముందూ ఎవరినీ తిట్టకూడదన్నది ఇంకో రూలు. రెండోవైపు నర్సు కష్టం కూడా ఉంది. రాత్రిపూట 40 మందికి ఒక్క సిస్టర్‌ని పెట్టి, ఆమె ఓపిగ్గా వినడం లేదంటే అన్యాయం. మీరు స్టాఫ్ సంఖ్య రాయలేదు, కానీ అలా ఉంటే ముందు మార్చాల్సింది అది.

అన్నిటికన్నా ముఖ్యం, జీతం కోతలు. పేషెంట్ మంచం మీద నుంచి పడితే ఆయా జీతంలో కోసే హోమ్‌లు ఉన్నాయి. అక్కడ ఎవరూ పడరు, రికార్డుల్లో. నడుముకి కమిలిన మచ్చ కనబడితే "తెలీదు సార్" అంటారు. తుంటి ఎముక విరిగిన సంగతి మూడో రోజు తెలుస్తుంది. పడిన వెంటనే చెప్పినందుకు ఒక్క రూపాయి కూడా కొయ్యబోమని మీ యజమాని చేత అందరి ముందూ చెప్పించండి, రాసి గోడకి అంటించండి. దాచిపెడితే మాత్రం చర్య ఉంటుందని కూడా చెప్పండి. ఏజెన్సీ ద్వారా వచ్చే ఆయాలకి ఇది వర్తించేలా ఏజెన్సీతోనూ మాట్లాడండి, ఎందుకంటే కోత చాలాసార్లు అక్కడ పడుతుంది.

వాట్సాప్ పూర్తిగా తీసేయనక్కరలేదు. రోస్టర్ మార్పులకీ, సామాను కావాలన్న సంగతులకీ బాగానే పనికొస్తుంది. పేషెంట్ పరిస్థితి మాత్రం గ్రూపులో పెట్టొద్దు. నీలం టిక్కులు పడినంత మాత్రాన ఎవరో బాధ్యత తీసుకున్నట్టు కాదు. అర్జెంటైతే ఫోన్, లేదా వెళ్లి మనిషికి చెప్పడం. పుండు ఫొటో డాక్టర్‌కి పంపాల్సి వస్తే ముఖం రాకుండా, ఆయనకి ఒక్కరికే, హోమ్ ఫోన్ నుంచి. స్టాఫ్ సొంత ఫోన్లలో పేషెంట్ల ఫొటోలు ఉండకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సంగతి అటుంచినా, మన అమ్మకి డైపర్ మారుస్తున్న ఫొటో నలభై మంది ఫోన్లలో ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

విదేశాల్లో ఉన్న పిల్లల ఫోన్ల గురించి కూడా రాశారు. మన ఉదయం 8 గంటలు అమెరికా తూర్పు తీరంలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నర. వాళ్లు పనులన్నీ ముగించుకుని అమ్మని చూద్దామని వీడియో కాల్ చేసేది సరిగ్గా మీ డ్యూటీ మారే వేళకి. వాళ్ల ఆత్రుత తప్పు కాదు. ఆయా ఫోన్‌కి నేరుగా చేస్తారు, ఆమె హ్యాండోవర్ వదిలేసి ఫోన్ పట్టుకుని నిలబడుతుంది, ఏమడిగినా "బాగున్నారమ్మా" అంటుంది. అరగంటకి సిస్టర్ "నిన్నటి నుంచి దగ్గు ఉంది" అంటే ఇంట్లోవాళ్లకి అందరి మీదా అనుమానం. కాల్స్‌కి ఎనిమిదిన్నర తర్వాత వేళ పెట్టి ముందే కుటుంబాలకి తెలియజేయండి. ఆరోగ్యం గురించి చెప్పేది ఆ షిఫ్ట్ ఇన్‌ఛార్జి సిస్టర్ ఒక్కరే. ఆయా పలకరించొచ్చు, ఏం తిన్నారో, ఎలా నిద్రపోయారో చెప్పొచ్చు. అవి ఆమెకే బాగా తెలుసు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఒక్క ఫ్లోర్‌లో మొదలుపెట్టండి. మొదటి వారం ఇన్సులిన్ ముందు ప్లేటు, బెడ్ల వెంట నడిచే హ్యాండోవర్, ఈ రెండే. మీరు స్వయంగా రాత్రి 8 గంటల హ్యాండోవర్‌కి వారంలో కొన్ని రోజులు వెనక నిలబడి వినండి, మధ్యలో మాట్లాడకండి. ఆయా చెప్పిన మాట పుస్తకంలోకి ఎక్కిందా లేదా అన్నది ఒక్కటే చూసుకోండి. అది కుదిరాక బొమ్మల చార్టు, తర్వాత ఫోన్ పద్ధతి. యాప్ సంగతి ఆ తర్వాత. అప్పటికి మీ స్టాఫ్ ఏం రాసుకుంటున్నారో తేలిపోతుంది కాబట్టి, యాప్ అమ్మేవాళ్లని ఆ కాగితం చూపించి ఇదే తెలుగులో కావాలని అడగగలుగుతారు.